జక్కయ్య కొట్టిన మేకు

నా చేతి వేళ్ళు చూస్తే చెయ్యి చూసి జాతకం చెప్పేవాడు కూడా జడుసుకుంటాడు. కుడి చిటికెన వేలు ఒక పక్కకీ, ఎడమ ఉంగరపు వేలు ఇంకో పక్కకీ తిరిగి ఉంటాయి. బెజవాడలో పదేళ్ళకు పైగా వికెట్ల వెనక కూర్చుని కీపింగ్ చేసినందుకు దక్కిన బిరుదులు అవి. అందులో సగం వంకరలు ఒక్క మనిషి పెట్టినవే. అతని పేరు జక్కయ్య. ఆటోనగర్‌లో లారీలకు కమాన్ పట్టీలు కొట్టేవాడు. లారీ బరువంతా మోసే ఆ ఇనుప పట్టీలను కొలిమిలో ఎర్రగా కాల్చి, సమ్మెటతో వంపు తేవడం అతని పని. ఆ చేత్తోనే బంతి వేసేవాడు. నా వేళ్ళు ఇలా అయినాయంటే ఆశ్చర్యం ఏముంది?

అతని సంగతి చెప్పాలంటే ముందు మ్యాటు సంగతి చెప్పాలి. కృష్ణా డెల్టా నల్లరేగడి వరికి కన్నతల్లి, క్రికెట్‌కి సవతితల్లి. వానాకాలం కాలు పెడితే చెప్పు ఊడి వస్తుంది, ఎండాకాలం అదే నేల చెయ్యి దూరేంత నెర్రెలు ఇస్తుంది. అందుకని ఎర్రమట్టి తెచ్చి పరిచి, రోలరు తిప్పి, దాని మీద కొబ్బరి పీచుతో నేసిన పొడుగాటి మ్యాటు వేసి, నాలుగు పక్కలా లాగి మేకులు కొట్టేవాళ్ళం. అదే మా పిచ్. స్వతంత్రం వచ్చిన కొత్తల్లో మన ఆట మద్రాసు చాటు ఆట. ఆంధ్ర విడిపోయాక రంజీలో మనకూ ఒక జట్టు వచ్చింది. పేరుకు రాష్ట్రం జట్టే గాని, మా జిల్లా కుర్రాళ్ళకు పచ్చిక పిచ్ అంటే రేడియోలో వినడమే. మేం పుట్టింది మ్యాటు మీద, పెరిగింది మ్యాటు మీద.

ఆ మ్యాటుకు ఒక కట్టుబాటు ఉండేది. పొద్దున్నే రెండు జట్ల వాళ్ళూ చెరో కొస పట్టుకుని లాగాలి. బ్యాటింగ్ చేసే జట్టు కెప్టెన్ దాని మీద నిలబడి, మడమతో తొక్కి చూసి, “చాలు” అంటేనే మేకులు దిగాలి. ఆట మధ్యలో మళ్ళీ బిగించమని అడిగే హక్కు కూడా బ్యాటింగ్ వాళ్ళదే. బంతి వేసే జట్టు దాని జోలికి పోదు. ఎందుకు పోతుంది? బిగుతుగా ఉన్న మ్యాటు మీద బంతి పెళ్ళికూతురిలా బుద్ధిగా వస్తుంది. వదులైతే మాత్రం ఎక్కడ పడి ఎటు లేస్తుందో వేసినవాడికే తెలియదు. వదులు మ్యాటు బౌలర్‌కి పండగ, బ్యాట్స్‌మన్‌కి దినం.

అరవై ఎనిమిదిలో అనుకుంటా, మా క్లబ్బు మేకులు మాటిమాటికీ వంగిపోతున్నాయని మా కెప్టెన్ వెంకటకృష్ణారావు నన్ను ఆటోనగర్ పంపాడు. ఆయన పేరున్న ప్లీడరు గారి అబ్బాయి. ఆయన మాట్లాడతాడు, మేం తిరుగుతాం. నేను వన్ టౌన్‌లో మా బాబాయి పసుపు కొట్లో కూర్చునేవాణ్ణి, అంటే పనిలేనివాడి కిందే లెక్క. అడ్రసు పట్టుకుని వెళితే, కొలిమి ముందు నల్లగా, పొడుగ్గా, బనీను నిండా నిప్పురవ్వల చిల్లులతో ఒకతను నిలబడి ఉన్నాడు. విరిగిన కమాన్ పట్టీలు కోసి జానెడు మేకులు చేసి ఇచ్చాడు. ఇచ్చి ఊరుకోలేదు.

“ఎక్కడ కొడతారండి ఇయ్యి? నేలెట్టాంటిదో చూడకుండా మేకియ్యడమేందండి. నేనూ వత్తా పదండి,” అన్నాడు.

సాయంత్రం నా సైకిలు వెనక కూర్చుని గ్రౌండుకు వచ్చాడు. మేకులన్నీ తనే కొట్టాడు. లేచి చేతులు దులుపుకుంటూ పక్కన పడి ఉన్న బంతిని చూసి, “ఒకటి వెయ్యనా అండి?” అన్నాడు. ఇబ్రహీంపట్నం అవతల వాళ్ళ ఊరి మిషన్ బడిలో ఒక ఫాదరు గారు పిల్లల చేత ఆడించేవారట. మేం నవ్వుకుని సరే అన్నాం. లుంగీ ఎగ్గట్టి, నాలుగడుగులు నడిచి వేశాడు. బంతి లెగ్ స్టంపు మీద పడింది. నేను అటు వంగాను. అది మ్యాటును కరిచి, ఇటు తిరిగి, ఆఫ్ స్టంపు పైనుంచి వెళ్ళి నా కుడి చిటికెన వేలికి తగిలింది. ఆ వేలే ఇది. బూతు మాట నోటిదాకా వచ్చి ఆగిపోయింది. అలాంటి బంతి అంతకుముందు నేను చూడలేదు. నొప్పి సంగతి ఇంటికి వెళ్ళాక గాని గుర్తు రాలేదంటే నమ్మండి.

ఆ రోజు నుంచీ జక్కయ్య మా బౌలరు. మ్యాచ్ ఉన్న రోజు షెడ్డుకు సెలవు పెట్టి, అందరికంటే ముందు సుత్తి పట్టుకుని వచ్చేవాడు. తను చేసిన మేకు ఇంకొకళ్ళు కొడితే చూడలేకపోయేవాడు. నాకంటే ఆరేళ్ళు పెద్ద, అయినా నన్ను “తిరుపతిరావు గారూ” అనేవాడు, నేను అతన్ని జక్కయ్యా అనేవాణ్ణి. ఆ రోజులు అలాంటివి. పక్కన కూర్చుని పులిహోర పొట్లం తినేవాళ్ళమే గాని, ఆ “గారు” మాత్రం మా మధ్య నుంచి లేచిపోలేదు.

వికెట్లు తీశాడు, తీశాడు, తీస్తూనే ఉన్నాడు. గుంటూరు వాళ్ళు, ఏలూరు వాళ్ళు, బందరు వాళ్ళు అతని బంతికి దణ్ణం పెట్టి పోయారు. కానీ రాష్ట్రం జట్టు పిలుపు మాత్రం రాలేదు. ఒక ఏడాది ఎంచేవాళ్ళు మా మ్యాచ్‌కే రాలేదు. డెబ్బై రెండులో ఉద్యమం వచ్చి కాలేజీలు మూసేశారు, గ్రౌండులో బంతి కాదు, రాళ్ళు ఎగిరాయి. ఒక ఏడాది, “మ్యాటు మీద ఎవడైనా తిప్పుతాడండీ” అన్నారు. నేనైతే మండిపడేవాణ్ణి. జక్కయ్య, “వాళ్ళు చూడలేదుగా అండి. చూసినప్పుడు మాట్లాడుకుందాం,” అనేవాడు.

చూసే రోజు డెబ్బై నాలుగు డిసెంబరులో వచ్చింది. అంతర్‌జిల్లాల పోటీ ఫైనలు, బెజవాడలోనే, కాలువ పక్కన మా కాలేజీ గ్రౌండులో. ఎగువ జిల్లా జట్టుతో మూడు రోజుల ఆట. రంజీ జట్టును ఎంచే పెద్దమనిషి ఒకాయన తెల్ల ప్యాంటు, నల్ల కళ్ళజోడుతో వచ్చి షామియానా కింద కూర్చున్నాడు. వెంకటకృష్ణారావు ఆయన దగ్గర జక్కయ్య సంగతి ఎత్తాడు.

“ముప్పై నాలుగేళ్ళా? వచ్చే ఏడాదైతే నేను పేరు కూడా రాయను. ఈ మ్యాచ్‌లో చూస్తాను. నిజంగా ఉంటే తీసుకుంటా,” అన్నాడాయన.

ఈ మాట జక్కయ్య చెవిన పడింది. మూడో రోజు పొద్దున వాళ్ళ అమ్మ శౌరమ్మను ఊరి నుంచి బస్సులో తీసుకొచ్చాడు. ఆవిడ కాలువ గట్టు మీద చెంగు కప్పుకుని, చేతిలో జపమాలతో కూర్చుంది. ఆటంటే ఏమిటో ఆవిడకు తెలియదు. కొడుక్కి ఇవాళ ఏదో జరగబోతోందని మాత్రం తెలుసు.

ఆ రోజు వాళ్ళు గెలవడానికి కావలసింది నూట ఇరవై. రెండే వికెట్లకు అరవై దాటేశారు. ఎండ ముదిరింది. షామియానా కింద పెద్దమనిషి గడియారం చూసుకుంటున్నాడు. అప్పుడు వెంకటకృష్ణారావు పాత బంతిని జక్కయ్యకు ఇచ్చాడు.

ఇక నేను చూసింది చెబుతాను. చెప్పినా మీరు నమ్మరు, ఆ చోట కూర్చున్న నేనే నమ్మలేదు. మొదటి వికెట్ మామూలుగానే పడింది. రెండోది అంతకంటే అందంగా. మూడోవాడికి వేసిన బంతి అతని బ్యాటు అంచును అడిగి మరీ తాకి నా చేతుల్లోకి వచ్చింది. నాలుగోది మాత్రం పాము పడగ ఎత్తినట్టు లేచింది. బ్యాట్స్‌మన్ మొహం అడ్డం పెట్టుకోబోయి బ్యాటు అడ్డం పెట్టాడు, బంతి దగ్గరగా సిల్లీ పాయింటులో నిలబడ్డవాడి చేతిలో పడింది. అయిదోది ఇంకా ఘోరం. లెగ్ స్టంపు బయట ఎక్కడో పడి, జానెడు, మూరెడు తిరిగి ఆఫ్ స్టంపును ఎగరగొట్టింది. ఆ కుర్రాడు అవుటైనందుకు కాదు, బతికి బయటపడ్డందుకు సంతోషంగా పెవిలియన్‌కి పోయాడు. నాకు ఒళ్ళంతా గగుర్పొడిచింది. గట్టు మీద జనం లేచి నిలబడ్డారు. షామియానా కింద పెద్దమనిషి కూడా కళ్ళజోడు తీసి లేచి నిలబడ్డాడు. అది నేను నా కళ్ళతో చూశాను. అయిపోయింది, మన జక్కయ్య రంజీ ఆడతాడు, అనుకున్నాను. దేవుడు ఒక్కోసారి కమాన్ షెడ్డు దాకా కూడా వస్తాడనిపించింది.

డెబ్బై నాలుగు పరుగులకు ఏడు వికెట్లు. మిగిలినవాళ్ళు ముగ్గురు, వాళ్ళకు బ్యాటు ఏ వైపు పట్టుకోవాలో కూడా అనుమానమే.

జక్కయ్య బంతి తుడుచుకుంటూ వెనక్కి నడిచాడు. నాలుగడుగులు వేసి ఆగాడు. బంతి అంపైర్ చేతిలో పెట్టి, తిన్నగా పిచ్ మీదుగా నా వైపు వచ్చాడు. బంతి పడే చోట, లెగ్ సైడు అంచున గొంతుక్కూర్చుని, దుమ్ము ఊది, వేలు పెట్టి చూశాడు.

అక్కడ ఒక మేకు లేచి ఉంది. ఎక్కువ కాదు, తల కింద వేలు దూరేంత. కింద ఎర్రమట్టి పొడి అయిపోయి పట్టు వదిలింది. ఆ మూల మ్యాటు వదులై, దుప్పటి మడతలాగా కాస్త ఉబ్బి ఉంది. పక్కనే కూర్చున్న నాకు కనపడలేదా అంటారేమో. కీపరు కళ్ళు బంతి మీద ఉంటాయి గాని మేకుల మీద ఉంటాయా?

వెంకటకృష్ణారావు పరిగెత్తుకొచ్చాడు. “ఏంటి జక్కయ్యా?”

“మేకు లేచిందండి.”

కెప్టెన్ గొంతు తగ్గించాడు. “లేస్తే లేచింది. అడగాల్సింది వాళ్ళు. వాళ్ళు అడగలేదుగా? ఇంకో అరగంటలో భోజనాలకు ఆపుతారు, అప్పుడు కొట్టుకో. ఈలోపు అయిపోద్ది.”

“లేదండి.”

“ఏంటి లేదండి? అక్కడ ఆయన లేచి నిలబడి చూస్తన్నాడు. నీ కోసం! తెలుస్తందా నీకు?”

జక్కయ్య ఒకసారి షామియానా వైపు చూశాడు. తెలియకపోవడమేమిటి? ఆ ఒక్క చూపు కోసమే కదా ఆరేళ్ళు నాలుగడుగులు నడిచి బంతులు వేసింది. అతని మొహం నాకు బాగా దగ్గరగా ఉంది. అందులో ఆశ ఉంది. లేదని ఎవరన్నా అంటే నేనొప్పుకోను.

“నేను కొట్టిన మేకండి,” అన్నాడు. “నేను కొట్టిన మేకు లేస్తే నేను చూస్తా ఎట్టా ఊరుకుంటానండి?”

అంతే. ధర్మం అనలేదు, ఆట మర్యాద అనలేదు. తను బిగించిన కమాన్ పట్టీ జారిందని తెలిసీ లారీని రోడ్డు మీదికి పోనివ్వని మనిషి, ఈ మేకును మాత్రం ఎలా వదులుతాడు? అంపైర్‌ను సుత్తి తెప్పించమని అడిగాడు. బ్యాటింగ్ చేస్తున్న కుర్రాణ్ణి పిలిచి, “బాబూ, ఆ అంచు పట్టుకుని లాగు. ఇంకా. ఇంకా. నీ మడమతో తొక్కి చూడు. చాలా?” అన్నాడు. ఆ కుర్రాడు బిత్తరపోయి చూస్తూ “చాలండి” అన్నాడు. జక్కయ్య పాత మేకు పీకి, పక్కన గట్టి మట్టి చూసి, కొత్తది పెట్టి దెబ్బ వేశాడు. గ్రౌండంతా ఎంత నిశ్శబ్దంగా ఉందంటే, ఆ సుత్తి చప్పుడు కాలువ అవతలి గట్టుకు తగిలి మళ్ళీ మాకే వినపడింది. అంతకుముందు పడ్డ అయిదు వికెట్లప్పుడు ఒళ్ళు గగుర్పొడిచిందన్నానే, అది ఈ చప్పుడు ముందు ఏ మూలకు? నాకు అతని కాళ్ళకు దణ్ణం పెట్టాలనిపించింది. అదే సమయంలో ఆ సుత్తి లాక్కుని నెత్తిన ఒకటి మొట్టాలనీ అనిపించింది.

తర్వాత బంతి బుద్ధిగా రావడం మొదలుపెట్టింది. అయినా ఒకణ్ణి అవుట్ చేశాడు. బిగుతు మ్యాటు మీద, ఎవరి సాయమూ లేకుండా, లెగ్ స్టంపు మీద పడి వేలెడంత తిరిగి ఆఫ్ బెయిలును మాత్రం తీసిన బంతి అది. నా జీవితంలో నేను చూసిన అన్ని బంతుల్లోకీ గొప్పది. కానీ మూరెడు తిరిగిన బంతి చూసిన కళ్ళకు వేలెడు తిరిగింది ఆనుతుందా? అప్పటికే పెద్దమనిషి కూర్చుని కళ్ళజోడు పెట్టేసుకున్నాడు. మిగిలినవాళ్ళు కళ్ళు మూసుకుని బ్యాటు ఊపితే తగలవలసినవి తగిలాయి. రెండు వికెట్ల తేడాతో మేం ఓడిపోయాం.

గట్టు మీద నుంచి దిగివచ్చిన శౌరమ్మ నన్ను ఆపి, “మావాడు మధ్యలో కూకుని మేకు కొట్టాడేందయ్యా? ఇక్కడ కూడా పనికేనా తీసుకొచ్చింది?” అని అడిగింది.

వెంకటకృష్ణారావు ఆ పెద్దమనిషి కారు దాకా వెళ్ళాడు, నేనూ వెనకే వెళ్ళాను. ఆయన చెడ్డవాడు కాదు. ఓపిగ్గానే చెప్పాడు. “చూడండి, ఆ వికెట్లు మేకు లేవడం వల్ల వచ్చాయి. నేననడం కాదు, మీవాడే ఆట ఆపి అందరికీ చూపించాడు. మంచి మనిషి. నేను మంచి మనిషిని కాదండీ ఎంచేది, బౌలర్‌ని.” కారు వెళ్ళిపోయింది. జక్కయ్య తన మీద తనే సాక్ష్యం చెప్పుకున్నాడు. రంజీ జాబితాలో అతని పేరు ఆ ఏడాదీ రాలేదు, ఆ తర్వాతా రాలేదు. ఊళ్ళో మాత్రం కొత్త పేరు వచ్చింది, మేకు జక్కయ్య అని. మా వాళ్ళే కొందరు ఏడాది పాటు అతనితో సరిగా మాట్లాడలేదు. ఆ పేరు పెట్టి ఎగతాళి చేసిన ఒకడితో నేను టీ కొట్టు దగ్గర కలబడ్డాను కూడా.

తర్వాత రోజులు మారాయి. మా గ్రౌండులోనూ ఎక్కడి నుంచో బంకమట్టి తెచ్చి పోసి, పచ్చిక పిచ్ వేశారు. మ్యాటు మీద పాములా తిరిగిన జక్కయ్య బంతి ఆ మట్టి మీద పడి, తోవ మర్చిపోయిన చుట్టంలా నిలబడిపోయేది. రెండు మ్యాచ్‌లు ఆడి, తనే చాలించుకున్నాడు. చుట్టి మూలన పడేసిన మ్యాటును ఎలకలు కొడుతుంటే, “నాకియ్యండి” అని అడిగి, లారీ మీద వేసుకుపోయాడు. ఏం చేసుకుంటావని ఎవరం అడగలేదు.

డెబ్బై తొమ్మిది ఈస్టరుకు నన్ను వాళ్ళ ఊరు పిలిచాడు. పూజ మొదలవడానికి ఇంకా వేళ ఉంది. చిన్న పెంకుటి చర్చి. చెప్పులు విడిచి లోపల కాలు పెట్టగానే అరికాలు గుర్తుపట్టింది. తలుపు దగ్గర నుంచి పీఠం దాకా మా మ్యాటు. ఎలకలు కొట్టినచోట కొబ్బరి తాడుతో కుట్టి, అంచుల వెంట నేలలోకి మేకులు దించి ఉన్నాయి. ఒక్క ముడత లేదు. క్రీజు దగ్గర మేం వేసిన తెల్లసున్నం గీత ఇంకా మసకగా కనపడుతోంది.

చాలా ఏళ్ళుగా గొంతులో ఉన్న మాట అప్పుడు అడిగాను. “జక్కయ్యా, నిజం చెప్పు. ఆ రోజు ఆ అయిదు వికెట్లు నీవా, మేకువా?”

అతను ఆలోచించుకోలేదు. “మొదటి మూడూ నాయ్యేనండి. నాలుగోది పడంగానే నాకు అనుమానం వచ్చింది, అంతెత్తు లేవదు నా బంతి. అయిదోది నాది కాదు. నా బంతి ఎంత తిరుగుద్దో నాకు తెలవదా అండి? అందుకేగా పోయి చూసింది.”

“మూడు నీవే. తర్వాత తీసిందీ నీదే. మొత్తం నాలుగు. మరి ఆ ముక్క ఆయనకెందుకు చెప్పలేదయ్యా?” నా గొంతు పెరిగింది. చర్చిలో ఉన్నానని కూడా మర్చిపోయాను.

“ఆయన నన్ను అడగలేదు కదండి,” అన్నాడు జక్కయ్య.

నేనూ అడగలేదు. వెంకటకృష్ణారావూ అడగలేదు. ఆ గ్రౌండులో ఆ సంగతి తెలిసిన మనిషి ఒక్కడే, అతన్ని తప్ప అందరూ అందర్నీ అడిగారు.

ఇంతలో శౌరమ్మ గోడ పట్టుకుంటూ లోపలికి వచ్చింది. చూపు తగ్గింది, నన్ను గుర్తుపట్టలేదు. నేను నిలబడ్డది సరిగ్గా బంతి పడే చోట. “కాస్త జరుగు నాయనా, ఇది నా చోటు,” అంది.

పక్కకు జరిగాను. ఆవిడ అక్కడ మోకాళ్ళూని జపమాల తీసుకుంది. జక్కయ్య వంగి, తల్లి పక్కనున్న మేకును బొటనవేలితో ఒకసారి నొక్కి చూసి, వెళ్ళి గంట కొట్టాడు.